రెండు చెవుల టేపు

ట్యూనిస్
28 మే 1997

లజ్హర్ అన్నకు,

బస్సు సాయంత్రానికల్లా చేర్చింది. దారంతా నువ్వు ఖర్జూరపు చెట్టు దగ్గర నిలబడ్డ తీరే గుర్తొచ్చింది. నేను చూడలేదనుకున్నావు. మూడో మట్ట మొదలు దాకా ఎక్కి, మానును కౌగిలించుకుని అక్కడే ఉండిపోయి, మళ్ళీ దిగావు. అడిగితే కొడవలి మొద్దుబారిందన్నావు. ముందు రోజే సాన పట్టించావని జాజియా వదిన చెప్పింది.

ఏప్రిల్‌లో ఆడ గెలలకు మగ పువ్వు కట్టడానికి ఎక్కి పడ్డావు. కాలువ బురదలో పడబట్టి బతికావు. ఎముకలు బాగానే ఉన్నాయి. కానీ నెల దాటినా నీకు నిద్ర లేదు, టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. అక్టోబరులో కోత. ఖర్జూరాల మీద తప్ప మనకు ఇంకో బతుకు లేదు. నాకు భయంగా ఉంది.

నా పని నీకు తెలుసు కదా. మనుషుల తలకు తీగలు అంటించి, మెదడులో పుట్టే అలలను కాగితం మీద గీయిస్తాను. మా డాక్టర్ ఎమ్నా గారు ఇప్పుడు ఒక టేపు తయారు చేశారు. ఎడమ చెవిలోకి సెకనుకు రెండు వందల సార్లు కంపించే స్వరం వెళ్తుంది. కుడి చెవిలోకి రెండు వందల ఎనిమిది సార్లు కంపించేది. ఒక్కో చెవితో విడిగా వింటే రెండూ తిన్నగానే మోగుతాయి. రెండు చెవులతో ఒకేసారి వింటే మాత్రం ఒక ఊపు వినిపిస్తుంది. ఆ ఊపు టేపులో ఉండదు, తల లోపలే పుడుతుంది. నెమ్మదిగా కళ్ళు మూసుకుని ఉన్న మనిషి మెదడు గీసే అల కూడా సెకనుకు ఎనిమిదీ తొమ్మిదీ సార్లే. ఆ ఊపు వింటూ ఉంటే మెదడు కూడా అటు జారుతుందేమో, బెదురు తగ్గుతుందేమో అని ఆవిడ చూస్తున్నారు. ఖాయంగా ఎవరూ చెప్పలేరు. ప్రయత్నిస్తే పోయేదేముంది?

అద్దె కారు డ్రైవరు చేతికి టేపూ, వినే పెట్టె, చెవి తీగలూ ఇస్తున్నాను. ఎర్ర చుక్క ఉన్నది కుడి చెవికి. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక అరగంట పడుకుని విను. చెట్టు మీద మాత్రం పొరపాటున కూడా పెట్టుకోకు. ఎలా ఉందో దాచకుండా రాయి.

సాల్హా


దెగాష్
14 జూన్

సాల్హాకు,

అన్నీ అందాయి. డ్రైవరు బజార్లో పదిమంది ముందు ఇచ్చాడు, ఇక ఊళ్ళో అందరికీ తెలిసింది. మీ వదిన, "పెళ్ళాం పిలిచినా పలకకుండా పడుకోడానికి ప్రభుత్వమే యంత్రం పంపిందా" అంది.

చెప్పినట్టే వింటున్నాను. దూరపు బావి మీద పంపు ఆడుతున్నట్టు ఉంటుంది. తిన్నగా ఒకటే చప్పుడు, ఎక్కడా తొణకదు. అదే నాకు నచ్చింది. మొదటి మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు వింటూనే నిద్రపోయాను. ఇప్పుడు రాత్రి కూడా పడుతోంది. మొన్న ఏడో మట్ట దాకా ఎక్కాను. కాళ్ళు బాగానే నిలిచాయి. గ్లాసులో టీ కూడా ఒలకడం లేదు.

మీ డాక్టరమ్మకు సలాం చెప్పు.

లజ్హర్


ట్యూనిస్
25 జూన్

అన్నా,

నీ ఉత్తరం మేడమ్‌కి చదివి వినిపించాను. ఏడో మట్ట అంటే ఎంత ఎత్తు అని అడిగారు. నేను గదిలో కుర్చీ ఎక్కి, తలుపు పైకి చెయ్యి చూపించి, ఇంకా పైన అన్నాను. ఇప్పటి దాకా పదకొండు మంది విన్నారు. ముగ్గురికి కాగితం మీద అల కాస్త మారింది. మిగతావాళ్ళకు తేడా కనపడలేదు. ఇద్దరు విసుగుతో నిద్రపోయారనుకుంటాను. ఒకామెకు తలనొప్పి వచ్చింది. నీ అంత మేలు ఎవరికీ జరగలేదు.

ఒక్క మాట మాత్రం నన్ను పీకుతోంది. తిన్నగా ఉంది, తొణకదు అని రాశావు. తొణకాలి అన్నా. ఆ తొణుకే మందు. ఒక తీగ తెగిపోయి ఉంటుందా? ఒకటి తీసి ఒకటి పెట్టుకుని, రెండూ పలుకుతున్నాయో లేదో చూడు. వెంటనే రాయి. ఇది చిన్న విషయం అనుకోకు.

సాల్హా


దెగాష్
10 జులై

సాల్హాకు,

నువ్వన్నట్టే అయింది. ఒక తీగ మొదట్లో వదులైంది, మా బావమరిది తౌహామీ చేత అతికించాను. ఇప్పుడు బాగా ఊగుతోంది. లారీ ఆపి ఇంజను నడుస్తూ ఉంచితే వచ్చే గురకలా ఉంది. నువ్వు బెంగ పెట్టుకోకు.

తౌహామీకి ఇది పెద్ద వేడుకైపోయింది. తోటలో టీ కాచుకుంటుంటే, "పట్నం నుంచి డాక్టరు మందు సీసా పంపుతుందనుకుంటే తాడు పంపిందేంటి బావా" అని లాక్కుని చెవుల్లో పెట్టుకున్నాడు. కాసేపు విని, "దీనికి ఇంత దూరం నుంచి టేపు దేనికి, మా నాన్న పక్కన పడుకో, ఉత్తినే వినిపిస్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు. హాజ్ తీజానీ నవ్వలేదు. ఆయన మా కోత ముఠాకు మేస్త్రీ కదా. "ఆ కబుర్లెందుకు, ఎక్కగలడా లేదా చెప్పండి" అన్నాడు.

ఎక్కి చూపించాను. తీజానీ తోట గోడ వారనున్న పొడుగు చెట్టు, మొవ్వు దాకా. పైన కూర్చుని ఎండు మట్టలు కొట్టి దిగాను. కింద తౌహామీ చప్పట్లు కొట్టాడు. తీజానీ నా చెయ్యి పట్టుకుని, వణుకుతోందేమో అని కాసేపు చూశాడు. వణకలేదు.

లజ్హర్


ట్యూనిస్
30 ఆగస్టు

అన్నా,

మౌలిద్ పండగకి రాలేకపోయాను. నవంబరులో మేడమ్ సూస్‌లో డాక్టర్ల సభలో ఈ టేపు గురించి చదువుతారు. ఆ కాగితాలన్నీ నేనే సిద్ధం చేస్తున్నాను. నాకూ సరిగ్గా నిద్ర లేదు. ఆ టేపు నేనూ విన్నాను, నాకేమీ కాలేదు.

ఇంకో టేపు పంపుతున్నాను. పాతదానికన్నా బాగా చేశారు. ఒక్కసారి మొదటి నుంచి చివర దాకా, మధ్యలో తీయకుండా విను. ఎర్ర చుక్క కుడికి, మర్చిపోకు. విని, ఏమేం వినపడిందో అంతా రాయి. ఏ చిన్నదైనా సరే.

కోత వరుసలో నిన్ను ఎక్కడ పెట్టారు?

సాల్హా


దెగాష్
14 సెప్టెంబరు

సాల్హాకు,

కొత్తది విన్నాను, ఒకసారి కాదు రెండుసార్లు. పాతదాని కన్నా మెత్తగా ఉంది. ఊపు కూడా బాగుంది. అంతకు మించి చెప్పడానికేం లేదు.

మాను మీద ఒకరి కింద ఒకరం నిలబడి గెలలు చేతి నుంచి చేతికి దించే వరుస ఖాయమైంది. పై నుంచి మూడోవాణ్ణి. నా కింద నాలుగోవాడు తౌహామీ. వాడి కింద సాలెం, ఇంకా ఇద్దరు. అక్టోబరు పన్నెండున మొదలు. ఈ ఏడు గెలలు బరువుగా ఉన్నాయి. ఒక్కోటి గొర్రెపిల్లంత ఉంది. తీజానీ నన్ను కింద బుట్టల దగ్గర కూర్చోబెడతాడని ఊళ్ళో కొందరు అనుకున్నారు. వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి.

మీ వదిన నీకు కారం నూరి పంపుతోంది.

లజ్హర్


ట్యూనిస్
21 సెప్టెంబరు

అన్నా,

ఈ ఉత్తరం ఒక్కడివే చదువు.

కొత్త టేపులో కుడి వైపు, పదో నిమిషంలో, నా గొంతు ఉంది. "అన్నా, నేను సాల్హాని. ఇది వినపడితే ఉత్తరం చివర మన అమ్మ పేరు రాయి" అని. రెండుసార్లు చెప్పాను. ఎడమ చెవితో మాత్రమే వినేవాళ్ళకు అది వినపడదు. నువ్వు రెండుసార్లు విన్నానని రాశావు. అమ్మ పేరు రాయలేదు.

నీ మీద ఇలాంటి ఎత్తు వెయ్యాల్సి వచ్చిందని సిగ్గుగా ఉంది. కానీ అడిగితే నువ్వు చెప్పవు. మేలో నేను వచ్చినప్పుడు నాలుగు రోజులూ నీ కుడి పక్కను గోడకు ఆనించే కూర్చున్నావు. తినేటప్పుడు కూడా. అది ఇప్పుడు గుర్తొస్తోంది.

నీ కుడి చెవి పోయింది కదా?

వరుసలో ఒంటి చెవివాణ్ణి ఎందుకు నిలబెట్టరో నాకన్నా నీకే బాగా తెలుసు. మొహం మానుకు ఆనించి ఉంటుంది, మట్టలు కళ్ళకు అడ్డం, కిందికి చూడటం కుదరదు. కిందివాడు కాడ గట్టిగా పట్టుకుని "హో" అంటేనే పైవాడు వదలాలి. చెవులు రెండుంటేనే చప్పుడు ఏ వైపు నుంచి, ఎంత దూరం నుంచి వచ్చిందో తల తేల్చుకుంటుంది. ఒకటే అయితే వినపడుతుంది గానీ ఎక్కడిదో తెలియదు. చుట్టూ నాలుగు చెట్ల మీద నాలుగు ముఠాలు హో హో అంటుంటే నీ కింద ఉన్నవాడి హో ఏదో ఎలా తెలుస్తుంది?

తీజానీ గారికి నేను ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యను. అది నువ్వే చెప్పాలి. పన్నెండో తారీకు లోపల.

సాల్హా


దెగాష్
1 అక్టోబరు

సాల్హాకు,

నిజమే. పడిన మూడో రోజు నుంచి కుడి చెవిలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరికీ చెప్పలేదు. మీ వదినకు తెలుసు. పరుపు నా ఎడమ వైపుకు మార్చుకుంది. నన్ను ఏమీ అడగలేదు. లారీ గురక అన్న మాట తౌహామీది. వాడు విని చెప్పిందే నీకు రాశాను.

నువ్వు చదువుకున్నదానివి, నాతో ఎత్తు వేశావు. చిన్నప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకుని గెలలు చూపించింది నేనే. సరే, అది వదిలెయ్.

ఒకటి అడుగుతాను. ఆ టేపు రెండు చెవులుంటేనే పని చేస్తుందన్నావు. నాకు ఒకటే ఉంది. అయినా నిద్ర పట్టింది, చెయ్యి నిలిచింది, చెట్టెక్కాను. మరి దేన్ని అబద్ధం అంటావు? టేపునా, నన్నా?

మన చిన్నాన్నను గుర్తు తెచ్చుకో. చూపు తగ్గిందని తీజానీ వాళ్ళ నాన్న ఆయన్ను బుట్టల దగ్గర కూర్చోబెట్టాడు. ఆడవాళ్ళ మధ్య కూర్చుని పుచ్చుపళ్ళు ఏరాడు. మరుసటి ఏడు ఆయన్ను దేనికీ పిలవలేదు. పెళ్ళిళ్ళకు కూడా ఆఖరున పిలిచేవాళ్ళు. నాకు నలభై రెండేళ్ళు. పన్నెండేళ్ళ వయసు నుంచి ఎక్కుతున్నాను. తౌహామీ గొంతు నిద్రలో కూడా గుర్తుపడతాను.

ఎవరికీ చెప్పకు.

లజ్హర్


ట్యూనిస్
7 అక్టోబరు

అన్నా,

నీ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. రోజూ అరగంట కదలకుండా పడుకున్నావు, పట్నం నుంచి మందు వచ్చిందని నమ్మావు. అదే నిన్ను నెమ్మది పరిచిందేమో. ఊగుతోందని నువ్వు రాసిన ఆ ఊపు నీ తలలో ఒక్కనాడూ పుట్టలేదు. అయినా భయం పోయింది. నాకు ఇప్పుడు దిగులంతా అదే. ఏప్రిల్ నుంచి నిన్ను నేల మీద ఉంచింది ఆ భయమే. అది నీ చెవి సంగతి నీకన్నా ముందే గ్రహించింది. నేను పనిగట్టుకుని దాన్ని తీసేశాను.

నేనూ ఒకటి దాచాను. టేపు విన్నవాళ్ళ గురించి మేడమ్ సభకు తీసుకెళ్ళే పట్టికలో నిన్ను పద్నాలుగో మనిషిగా ఎక్కించాను. నీ పేరు లేదు, నీ మాటలు ఉన్నాయి. ఏడో మట్ట, ఒలకని టీ. అందరిలోకీ మేలు జరిగింది నీకేనని అక్కడ రాసి ఉంది. తీగ సంగతి అనుమానం వచ్చాక కూడా తీయలేదు.

ఎక్కకు. చేతులు పట్టుకుని అడుగుతున్నాను. జ్వరమని పడుకో, నడుం పట్టిందని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. నీ కింద ఉండేది జాజియా వదిన తమ్ముడు.

సాల్హా


దెగాష్
23 అక్టోబరు

సాల్హాకు,

నీ ఉత్తరం పదో తారీకున అందింది. పన్నెండున ఎక్కాను.

వారం రోజులు ఏమీ కాలేదు. రోజుకు ఎనిమిది, తొమ్మిది చెట్లు కోశాం. ఆదివారం పొద్దున గోడ వార చెట్టు మీద ఉన్నాం. పక్క చెట్టు మీద మెత్లూయీ నుంచి వచ్చిన ముఠా ఉంది. పై నుంచి గెల అందుకుని కిందికి చాపాను. హో అని వినపడింది. వదిలాను.

అది పక్క చెట్టుది. తౌహామీ అప్పటికి కాలు సర్దుకుంటున్నాడు. గెల వాడి మెడ మీదా భుజం మీదా పడింది. వాడు ఒంటి చేత్తో వేలాడాడు. సాలెం కింద నుంచి వాడి మడమ పట్టుకుని మానుకు నొక్కి ఉంచాడు. లేకపోతే అంతే. దించి తోజర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మెడ కింది ఎముక విరిగింది. చెయ్యి ఛాతీకి కట్టేశారు.

కారులో తీజానీ వాణ్ణి అడిగాడు, "హో అన్నావా, లేదా?"

"అన్నానేమో మామా. గుర్తు లేదు."

"సగం పట్టుకుని హో అంటే ఇంతే. పెళ్ళాం మీదా పిల్లల మీదా పెట్టుకున్న ధ్యాస కాడ మీద పెట్టు."

తౌహామీ, "తప్పు నాదే" అన్నాడు. నా వైపు చూసి, "నీకేం తగల్లేదు కదా బావా" అన్నాడు.

నేను ముందు సీట్లో ఉన్నాను. అద్దంలో వాళ్ళు కనపడుతున్నారు. ఏమీ అనలేదు.

నాలుగు రోజులైంది. ఊళ్ళో అందరూ వాణ్ణే అంటున్నారు. వచ్చే ఏడు వరుసలో వాడికి చోటు ఉండదట. మీ వదిన రోజూ వాడికి చారు తీసుకెళ్తోంది, అక్కడా నోరు విప్పడం లేదు, ఇక్కడా విప్పడం లేదు. నేను రోజూ ఎక్కుతున్నాను. చెయ్యి వణకడం లేదు. వణికితే బాగుండును.

లజ్హర్


ట్యూనిస్
29 అక్టోబరు

అన్నా,

నీ ఉత్తరం ఆసుపత్రి మెట్ల మీద నిలబడి చదివాను. తీజానీకి నేను ఫోన్ చేసి ఉంటే తౌహామీ ఎముక విరిగేది కాదు. నిన్ను తప్పుపట్టే ముందు అది ఒప్పుకుంటున్నాను.

పట్టికలోంచి నిన్ను కొట్టేశాను. మేడమ్‌కి అంతా చెప్పాను. పట్టిక తీసుకుని, నేను కొట్టేసిన చోట సంతకం పెట్టారు. తర్వాత, "ఊపు వినపడని మనిషికి విన్నవాళ్ళ కన్నా ఎక్కువ మేలు జరిగిందని సభలో చెప్తాను, అదైనా నిజం" అన్నారు. నన్ను ఈ పని నుంచి తప్పించారు. మళ్ళీ తీగలు అంటించే గదికి పంపారు.

నీ సంగతి నువ్వే చెప్పాలి. శుక్రవారం ఏడో తారీకు లోపు చెప్పకపోతే ఆ రోజు బస్సు ఎక్కుతాను. వచ్చి నేరుగా తౌహామీ ఇంటికే వెళ్తాను.

సాల్హా


దెగాష్
6 నవంబరు

సాల్హాకు,

బస్సు ఎక్కకు. ఇది పోస్టులో వెయ్యకుండా అద్దె కారు డ్రైవరు చేతికే ఇస్తున్నాను, రాత్రికి అందుతుంది.

నిన్న పొద్దున తోటలో తీజానీతో చెప్పాను. తాడు చుడుతున్నాడు, చుట్టడం ఆపలేదు.

"ఎప్పటి నుంచి?"

"ఏప్రిల్ నుంచి."

"నీ చెయ్యి పట్టుకుని చూశాను కదా అప్పుడు."

"చెయ్యే చూశారు."

చుట్టడం అయ్యింది. తాడు భుజాన వేసుకుని, బుట్టల వైపు చూపించాడు. వెళ్ళి కూర్చున్నాను. ముసలి ఎంబార్కా జరిగి చోటిచ్చింది. "రా నాయనా, మా కబుర్లు సగం వింటే చాలు, సగం అబద్ధాలే" అంది. సాయంత్రం దాకా పుచ్చువి ఏరాను. ఏరడం అనుకున్నంత సులువేం కాదు. పైకి బాగున్న పండు నొక్కితే లోపల పురుగుంటుంది.

చీకటి పడకముందే తౌహామీ ఇంటికి వెళ్ళాం. మీ వదిన ముందు నడిచింది. వాడు గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను వాడి ఎదుట కూర్చుని మొత్తం చెప్పాను. చెవి సంగతి, టేపు సంగతి, లారీ మాట, పక్క చెట్టు హో, కారులో నేను నోరు మూసుకోవడం. మీ వదిన గుమ్మంలో నిలబడి, "నాకూ తెలుసురా" అంది తమ్ముడితో.

వాడు ఆమె వైపు చూడలేదు. నన్ను, "ఏ చెవి?" అని అడిగాడు.

కుడిది అన్నాను.

కట్టిన చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా లేచాడు. నొప్పికి పళ్ళు బిగబట్టాడు. లేవకు అని నేను చెయ్యి చాపితే తోసేశాడు. నా చుట్టూ తిరిగి వచ్చి నాకు ఎడమ పక్కన కూర్చున్నాడు. దగ్గరగా జరిగాడు.

"ఇప్పుడు విను" అన్నాడు.

తిట్టడం మొదలుపెట్టాడు. మన నాన్నను, వాళ్ళక్కను నాకిచ్చిన రోజును, నన్ను, తీజానీని. నీ పేరు కూడా వచ్చింది. మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. మసీదులో అజాన్ ఇచ్చేదాకా తిట్టాడు. ఒక్క మాట కూడా పోకుండా విన్నాను.

లజ్హర్